మాలకొండమ్మ ఎత్తనన్న మట్టి

మార్కాపురంలో పాత ఇల్లు పడగొట్టుకునేవాళ్ళకు మాలకొండమ్మ ట్రాక్టరు కావాలి గానీ ఆమె నోరు అక్కర్లేదు. ఆ రెండూ విడివిడిగా దొరకవు కాబట్టి చాలామంది ముందు వేరేవాళ్ళను పిలుస్తారు. ఆ వేరేవాళ్ళు సగం మట్టి ఎత్తి, మిగతా సగం రోడ్డు మీద వదిలేసి, ఫోను ఎత్తకుండా తిరిగినప్పుడు, ఆఖరికి మాలకొండమ్మ ఇంటికే వస్తారు.

ఆమె వచ్చీ రాగానే ట్రాక్టరు దిగదు. సీటు మీద కూర్చునే కుప్పను చూస్తుంది. కూల్చిన గోడల మట్టి, ఇటుక ముక్కలు, పెచ్చులు, విరిగిన బండలు అన్నిటినీ కలిపి ఊళ్ళో రబ్బీసు అంటారు. "అంతా ఇటుక ముక్కలేనమ్మా, శుభ్రమైన రబ్బీసు" అంటాడు ఇంటాయన. మాలకొండమ్మ ఇనప కడ్డీతో నాలుగు చోట్ల పొడిచి చూస్తుంది. పైన ఇటుకలే. వాటి కింద పగిలిన కమోడు, దాని కింద గాజు పెంకులు, ఇంకా కింద వారం నాటి విందు ఎంగిలాకులు.

"మీ ఇటుకలు అన్నం తింటాయా సార్?" అంటుంది.

ఇంటాయన నవ్వడు. ఇంటామె తలుపు వెనక్కి పోతుంది. పారేసే వస్తువు దగ్గర కూడా అబద్ధమాడే మనుషులంటే ఆమెకు గౌరవం లేదు. పద్నాలుగేళ్ళుగా ఊరి చెత్త మోసిన మనిషికి ఊరి మీద గొప్ప అభిప్రాయం ఉండాలని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ తెలివితక్కువతనం.

ఆమెకు ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. పన్నెండో ఏట పలకల షెడ్డులో చేరింది. గని నుంచి వచ్చిన బండను పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది పలకలు చేసేవాళ్ళు. రుద్దే పని ఆడపిల్లలది. కోసే మిషను దగ్గర అంకయ్య ఉండేవాడు. అతన్నే పెళ్ళి చేసుకుంది. మిషను దగ్గర లేచే దుమ్ము ఎంత చిక్కగా ఉండేదంటే, సాయంత్రానికి అంకయ్య కనుబొమలు తెల్లబడి, ఇరవై రెండేళ్ళవాడు ముసలాడిలా కనిపించేవాడు. దాన్ని చూసి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ముప్పై ఆరో ఏట అంకయ్యకు దగ్గు పట్టుకుంది. మొదట టీబీ అన్నారు. రెండేళ్ళు ఆ మందులే మింగాడు. తర్వాత వేరే డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది టీబీ కాదు, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము అన్నాడు. ఇంకో ఏడాదికి పోయాడు. షెడ్డు యజమాని చామంతుల దండ పంపించాడు. పదిహేనేళ్ళలో ముక్కుకు కట్టుకునే గుడ్డ మాత్రం ఒక్కసారీ పంపించలేదు. మాలకొండమ్మ ఆ దండను శవం మీద వేయనివ్వలేదు. గడప బయటే తీసి గేదె ముందు పడేసింది.

అప్పుడు ఆమె ట్రాక్టరు నేర్చుకుంది. నేర్పినవాడు యాకూబ్ అనే మెకానిక్కు. పాత నీలం ట్రాక్టరొకటి అతని షెడ్డులో పడి ఉండేది. దాన్ని ఇద్దరూ కలిసి బాగు చేశారు. ఆమె మొదటిసారి దాన్ని రోడ్డు మీదకు తెచ్చిన రోజు టీ దుకాణం ముందు కూర్చున్న మగవాళ్ళు లేచి నిలబడి మరీ చూశారు. "అక్కా, బ్రేకు ఏ కాలుతో తొక్కుతారో తెలుసునా?" అని ఒకడు అరిచాడు. మాలకొండమ్మ బండి అతని బల్లకు జానెడు దూరంలో ఆపి, "ఈ కాలుతో" అని చూపించింది. అతను టీ ఒలకబోసుకున్నాడు.

ఇంత కచ్చితంగా మాట్లాడే మనిషి పుట్టుకతోనే మంచిదని అనుకోవద్దు. మొదటి ఏళ్ళల్లో ఆమె కూడా అందరిలాగే, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ట్రాలీ ఒంపేసి వచ్చేది. పదకొండేళ్ళ కిందట ఒక పాత బంగళా బాగు చేస్తుంటే మూడు గోతాల రంగు పెచ్చులు, సగం ఎండిన రంగు డబ్బాలు ఎత్తింది. తలుపుల మీద, కిటికీల మీద ఉన్న పాత రంగంతా గీకి ఆ గోతాల్లో పోశారు. ఆమె వాటిని బేస్తవారిపేట దారిలో ఎండిపోయిన వాగులో పోసేసింది. అక్కడ చిల్లచెట్లు తప్ప ఏమీ లేవనుకుంది.

ఎనిమిదో రోజున పెద్దయ్య అనే రైతు ఆమె ఇంటికి వచ్చాడు. కేకలు వేయలేదు. గడప దగ్గరే నిలబడి, "నీలం ట్రాక్టరు నీదేనా అమ్మా?" అని అడిగాడు.

"నాదే మామా."

"ఒకసారి మా ఊరికొచ్చి చూసి పో."

అతని కొట్టంలో ఒక పెయ్యదూడ అప్పటికే చచ్చిపడి ఉంది. రెండోది గోడకు తల ఆనించి, పళ్ళు పటపట కొరుకుతూ నిలబడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎదురుగా చెయ్యి ఆడించినా రెప్ప పడలేదు. పశువుల డాక్టరమ్మ ఇరమ్ చేతులు కడుక్కుంటూ బయటికి వచ్చింది.

"వాగులో ఎవరో పాత రంగు పోసినారు. దూడలు నాకినాయి. ఆ రంగుల్లో సీసం ఉంటది."

"సీసాలు చేసేదా డాక్టరమ్మా?" అని అడిగింది మాలకొండమ్మ.

"కాదు. బ్యాటరీల్లో ఉండే లోహం. గట్టిగా మెరవడానికని వెనకట రంగుల్లో బాగా కలిపేవాళ్ళు. ఇప్పటి రంగుల్లో కూడా అన్నిట్లో లేదని చెప్పలేం. అది తియ్యగా ఉంటది, అందుకే పశువు వదలదు. చిన్నపిల్లలూ అంతే. గోడ పెచ్చు నోట్లో పెట్టుకుంటారు, దుమ్ములో పాకి వేళ్ళు చీకుతారు. దూడ ఇట్ల గోడకు తల పెట్టి మనకు చూపిస్తది. పిల్లలు చూపించరు. తిండి తినరు, కడుపు నొప్పంటారు, మందకొడిగా అయిపోతారు. పిల్లవాడి బుర్ర అంతేలే అని తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారు."

మాలకొండమ్మ పెద్దయ్య వైపు తిరిగి, "పోసింది నేనే మామా" అంది. అబద్ధం చెప్పడానికి వీలుండింది. నీలం ట్రాక్టర్లు ఆ దారిలో ఇంకా ఉన్నాయి. ఆమె చెప్పలేదు. మూడు రోజులు ఆ వాగులో వంగి, పై మట్టితో సహా పెచ్చులన్నీ గోతాలకెత్తింది. తర్వాత తన పెయ్యదూడను తోలుకొచ్చి పెద్దయ్య కొట్టంలో కట్టేసింది. అతను వద్దంటూనే ఉన్నాడు. ఆమె వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. రెండో దూడ కూడా మర్నాడు చచ్చిపోయిందని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి ఆమె రంగు గీకిన ఇంటి మట్టిని మామూలు మట్టితో కలిపి ఎత్తదు. డాక్టరమ్మ దగ్గర కూర్చుని ప్రతిదీ రెండుసార్లు అడిగి తెలుసుకుంది. దుమ్ము మనిషిని ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఇంటివాళ్ళకు చెప్పబోతే మాత్రం వాళ్ళు ఆమె వైపు ఎలా చూసేవాళ్ళంటే, చెప్పుల స్టాండు లేచి నీతులు చెబుతున్నట్టు.

నిరుడు ఫిబ్రవరిలో చెన్నకేశవులు మాస్టారు ఫోను చేశాడు.

చెన్నకేశవులు ముప్పై రెండేళ్ళు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పడం మానలేదు. ఆటో ఎక్కితే డ్రైవరుకు ఘర్షణ గురించి చెప్పేవాడు. కూరగాయల దుకాణంలో వంకాయలు ఏరుతూ కిరణజన్య సంయోగక్రియ గురించి చెప్పేవాడు. ఎదుటివాళ్ళు తల ఊపడం గౌరవమని అనుకునేవాడు గానీ, తొందరగా వదిలించుకోవడానికని ఏనాడూ అనుకోలేదు. భార్య నరసమ్మ నలభై ఏళ్ళుగా తల ఊపుతూనే ఉంది.

వాళ్ళ నాన్న పందొమ్మిది వందల అరవైలో కట్టిన ఇల్లు అది. టేకు తలుపులు, పెద్ద పెద్ద కిటికీలు. పండక్కీ పెళ్ళికీ ఒక్కో కోటింగు చొప్పున వాటి మీద అరవై ఏళ్ళ రంగు పేరుకుపోయింది. అన్నిటికంటే పైన ఆకుపచ్చ. ముందు గది, వంటిల్లు పడగొట్టి, పైన ఒక వాటా కట్టి అద్దెకివ్వాలని మాస్టారి ఆలోచన. తలుపులకు కొత్తగా పాలిష్ కొట్టించడానికి నరేష్ అనే పెయింటరును పెట్టుకున్నాడు. గిద్దలూరులో కాపురముంటున్న కూతురు గోపిక, రెండేళ్ళ కూతుర్ని తీసుకుని నెల రోజులుగా పుట్టింట్లోనే ఉంది.

మాలకొండమ్మ వెళ్ళేసరికి నరేష్ వరండాలో తలుపును అడ్డంగా పడుకోబెట్టి, గ్రైండింగ్ మిషనుతో రంగు లేపుతున్నాడు. మెత్తని ఆకుపచ్చ దుమ్ము పొగలా లేచి ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందె మీద, తులసికోట మీద పడుతోంది. నరేష్ ముఖానికి గుడ్డ లేదు. పెరట్లో నరసమ్మ పాత కిటికీ చెక్కలను విరిచి నీళ్ళ కాగు కింద పెడుతోంది. వరండా చివర పాప బిస్కెట్టు పట్టుకుని గచ్చు మీద ఆడుకుంటోంది. బిస్కెట్టు కింద పడింది. తీసుకుని మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

మాలకొండమ్మ ఆ రోజు కుప్ప వైపు చూడనే లేదు. ట్రాక్టరు ఆపి దూకినట్టే దిగి, పాపను ఎత్తుకుని వీధిలోకి వచ్చేసింది. బిస్కెట్టు లాక్కుని పారేసింది. పాప గుక్క పట్టింది.

మాస్టారు పేపరు మడిచి లేచాడు. "ఏమ్మా, నిన్ను పిలిచింది రబ్బీసు ఎత్తడానికి. బిడ్డను ఎత్తడానికి కాదు."

"ఆ మిషను ఆపించండి సార్ ముందు. పాత రంగది. సీసం ఉంటది. ఎండుగా రుద్దకూడదు."

"సీసమా?" మాస్టారు నవ్వాడు. "నువ్వెంతవరకు చదువుకున్నావు?"

"బడికి పోలేదు సార్. మీ బళ్ళో పిల్లకాయలు రాసిన పలకలు రుద్దినా."

"నేను ముప్పై రెండేండ్లు సైన్సు చెప్పినా. సీసం సంకేతం పీబీ. అది బరువైన లోహం. బరువైనది కిందికి దిగుతుందా, గాల్లో ఎగురుతుందా?"

"బండ బరువు కాదా సార్? అదే గాల్లో లేచి నా మొగుడి ఊపిరితిత్తుల్లో దిగింది."

 ఎదురుగా ఉన్నది క్లాసురూము కాకపోయినా, ఓడిపోవడం మాస్టారికి అలవాటు లేదు. "నేను ఈ ఇంట్లోనే పెరిగినా. ఈ తలుపులే పట్టుకొని నడక నేర్చినా. నాకేమన్నా అయిందా?"

మాలకొండమ్మ ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా తీరిగ్గా చూసింది. "అది నేను చెప్పకూడదు సార్" అంది.

నరేష్ మిషను ఆపి నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. మాస్టారికి మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఎత్తుతావా, ఎత్తవా?"

"ఎత్తను. రంగు మట్టి, ఇటుక మట్టి కలిపేసినారు. ముందు విడదీయండి. రంగుదంతా తడిపి గోతాల్లో కట్టండి. అప్పుడు పిలవండి."

"ఊళ్ళో నీదొక్కటేనా ట్రాక్టరు?"

"కాదు. ఏం ఎత్తినారో, యాడ పోసినారో అడగనోళ్ళు శానామంది ఉన్నారు. పిలుచుకోండి."

లోపలి నుంచి వచ్చిన గోపిక చేతికి పాపను ఇచ్చి, ఆమె ట్రాక్టరు ఎక్కింది. సందు మలుపు దాకా వచ్చేసరికి గోపిక వెనకే పరుగెత్తుకొచ్చింది. పాప చంకలో ఉంది. "అక్కా, ఆగక్కా. పాప పది రోజుల నుంచి సరిగా తినడం లేదు. ఊరికే ఏడుస్తది. దొడ్డికి సరిగా పోదు, కడుపు పట్టుకుంటది. పళ్ళొస్తన్నాయిలే అన్నాడు నాయన."

"పనెప్పుడు మొదలు పెట్టినారు?"

"మూడు వారాలయింది."

మాలకొండమ్మ ట్రాక్టరు ఇంజను ఆపేసింది. ఆ పూట ఆమె నోట్లోంచి ఎత్తిపొడుపు లేకుండా వచ్చిన మాటలు ఇవే. "చూడమ్మా, నేను డాక్టర్ని కాదు. ఈరోజే బిడ్డనెత్తుకొని ఆ ఇంట్లోంచి పో. పోయే ముందు తలస్నానం చేయించు, ఈ బట్టలు, బొమ్మలు ఈడనే వదిలెయ్. పిల్లల డాక్టరుకు చూపించి, రక్తంలో సీసం పరీక్ష చెయ్యమని పేరు పెట్టి అడుగు. ఊరికే రక్తపరీక్ష అంటే అది చెయ్యరు. పాత ఇంట్లో రంగు గీకినారని చెప్పు."

గోపిక సాయంత్రం బస్సుకే గిద్దలూరు వెళ్ళిపోయింది. చదువుకున్న కూతురు మట్టి మోసేదాని మాట పట్టుకుని పోయిందని మాస్టారు రెండు రోజులు అన్నం దగ్గర గొణుగుతూనే ఉన్నాడు.

మూడో రోజు మాస్టారు ఒక టిప్పరు మాట్లాడాడు. దాని యజమాని ఏమీ అడగలేదు. పేరు కూడా చెప్పలేదు. గంటన్నరలో కుప్ప మాయమైంది. "పనంటే ఇట్ల ఉండాలి" అని మాస్టారు వీధిలో నలుగురికీ వినపడేలా అన్నాడు.

కొనకనమిట్ల రోడ్డులో మాస్టారికి ఒక ఇంటి స్థలం ఉంది. రిటైరైనప్పుడు కొన్నది. వారానికోసారి వెళ్ళి హద్దురాళ్ళు లెక్కపెట్టి వస్తాడు. ఆ వారం వెళ్ళేసరికి స్థలం మధ్యలో నడుమెత్తు రబ్బీసు కుప్ప ఉంది. మాస్టారు అక్కడే నిలబడి దేశంలో పౌరస్పృహ ఎలా నశించిపోయిందో పక్క స్థలంలో మేకలు మేపుకుంటున్న ముసలామెకు వివరించాడు. అక్కడి నుంచి నేరుగా మున్సిపల్ ఆఫీసుకు పోయి మూడు పేజీల ఫిర్యాదు రాశాడు. గుర్తు తెలియని దుర్మార్గులు, చదువు సంస్కారం లేని అలగాజనం, కఠిన శిక్ష, ఇలా సాగింది ఆ ఫిర్యాదు.

మర్నాడు పారిశుధ్యం మేస్త్రి డానీ వచ్చి చూశాడు. ఓపికగా కుప్ప చుట్టూ తిరిగాడు. కర్రతో ఒక చోట మట్టి తోసి, వంగి, పెద్ద బండ ముక్కొకదాన్ని తిరగేశాడు. పాలరాతి పలక. దాని మీద నల్లటి అక్షరాలు చెక్కి ఉన్నాయి. డానీ పైకి చదివాడు: "చెన్నకేశవ నిలయం. ఎం.చెన్నకేశవులు, బీయస్సీ, బీయీడీ."

మాస్టారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. పలక మారలేదు.

"ఫిర్యాదు ఎవరి మీద తీసుకోమంటారు సార్?" అని డానీ చాలా మర్యాదగా అడిగాడు.

టిప్పరువాడికి ఊరి బయట కనిపించిన మొదటి ఖాళీ స్థలం అదేనట. ఎవరిదో తెలియక పోశాడు. ఈ సంగతి సాయంత్రానికి ఊరంతా తెలిసింది. డానీ ఎవరికీ చెప్పలేదంటాడు. మేకల ముసలామె మాత్రం, ఆ సారు తనకు అంతసేపు పాఠం చెప్పాడు కదా, తనూ నలుగురికి చెప్పకపోతే ఎలా అంది.

రబ్బీసు సంగతి నవ్వుకునేది. పాప సంగతి కాదు. పిల్లల డాక్టరు రక్తం తీసి హైదరాబాదు పంపించాడు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. ఐదు దాటితే పట్టించుకోవాలన్న చోట పాప రక్తంలో సీసం ఇరవై రెండు ఉంది. గోపిక ఫోను చేసి చెప్పింది. మాస్టారు చెప్పిన జవాబులు వరసగా ఇవి: ల్యాబులు తప్పులు చేస్తాయి. ఆ బిస్కెట్ల కంపెనీ మంచిది కాదు. గిద్దలూరు నీళ్ళలో ఏదో ఉండి ఉంటుంది.

"నాయనా" అంది గోపిక. "ఆ ఇంట్లో దుమ్ము పూర్తిగా పోయేదాకా పాపను తీసుకురాను. నువ్వు ఈడికి రావాలన్నా తలకు పోసుకొని, ఉతికిన బట్టలేసుకొని రా." అని పెట్టేసింది.

ఆ మర్నాడు పొద్దున నరసమ్మ ఒక్కతే నడుచుకుంటూ మాలకొండమ్మ ఇంటికి వచ్చింది. పొయ్యి పొగకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆయన రాడు వదినా. నేనొచ్చినా. ఏం చెయ్యాల్నో చెప్పు, నేను చేస్తా."

తలుపు చాటున నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషి గడప దాటి వచ్చినందుకు మాలకొండమ్మ మంచం మీద చోటిచ్చింది. "ఆయన రానక్కర్లా. పని అయ్యేదాకా ఆయన మాట్లాడకుండా ఉంటే చాలు. ఉంటాడా?"

"నేను చూసుకుంటా" అంది నరసమ్మ. ఎలా చూసుకుందో ఎవరికీ తెలియదు. పని జరిగిన నాలుగు రోజులూ మాస్టారు పొద్దున్నే బయల్దేరి గ్రంథాలయంలో కూర్చున్నాడు.

నరేష్ కూడా వచ్చాడు. అతనికి నెల నుంచి కడుపులో మెలిపెడుతోంది. హోటలు తిండి వల్ల అనుకుని సోడాలు తాగుతున్నాడు. మాలకొండమ్మ విని, "నీకు ముక్కుంది గదరా. దానికి గుడ్డ కట్టుకోవాలని తెలీదా?" అని కసిరింది. తర్వాత తనే ఒక మంచి మాస్కు కొని ఇచ్చి, గుడ్డతో ఈ దుమ్ము ఆగదని, ఇదే కట్టుకోవాలని చెప్పింది. అతన్ని కూడా రక్తపరీక్షకు పంపించింది.

గ్రైండింగ్ మిషను, చీపురు రెండూ ఆమె గేటు బయట పెట్టించింది. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్ళీ లేస్తుంది, లేచింది మళ్ళీ పడుతుంది అని నరసమ్మకు చెప్పింది. తలుపుల కింద మందపాటి ప్లాస్టిక్ పట్టాలు పరిచారు. నరేష్ తలుపు మీద నీళ్ళు చల్లి, తడి ఆరకుండా చూసుకుంటూ రేకుతో మెల్లగా గీకాడు. పెచ్చులు పొడిగా ఎగరకుండా ముద్దలు ముద్దలుగా పట్టా మీద పడ్డాయి. సాయంత్రం ఆ పట్టాను అంచుల నుంచి లోపలికి మడిచి గోతంలో కుక్కి, దాని మీద ఇంకో గోతం తొడిగి కట్టారు. గోడలు, గచ్చు, కిటికీ గాడులు సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి, మళ్ళీ శుభ్రమైన నీళ్ళతో తుడిచారు. ఆ గుడ్డలు కూడా గోతాల్లోకే పోయాయి. మిగిలిన కిటికీ చెక్కలను మాలకొండమ్మ కాగు దగ్గర నుంచి లాగేసింది. కాగు కింది బూడిదను కూడా తడిపి ఎత్తింది. పని చేసినవాళ్ళు ఇంటికి పోయే ముందు అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలంది. నరేష్ ఇంట్లో కూడా చిన్నపిల్ల ఉందని ఆమె ముందే అడిగి తెలుసుకుంది.

మాస్టారి స్థలంలోని కుప్పను కూడా ఆమే ఎత్తింది. దాన్ని తడిపి, పట్టా కప్పి, రెండు ట్రిప్పుల్లో తరలించింది. దాన్నీ, గోతాలనూ పశువులు దూరకుండా కంచె ఉన్న మున్సిపాలిటీ చెత్త యార్డులో, డానీ చూపించిన మూల దించి, ఇవి ఏమిటో అతని చేత పుస్తకంలో రాయించింది. పాలరాతి పలకను మాత్రం కడిగి, తిరిగి తెచ్చి, మాస్టారి గేటుకు ఆనించి పెట్టింది. అది దయతో చేసిందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు.

పాపకు ఐరన్ మందు, కాల్షియం ఇచ్చారు. పాలు, గుడ్డు, ఆకుకూరలు పెట్టమన్నారు. విషం వచ్చే దారి మూసేయడమే అసలు వైద్యమన్నాడు డాక్టరు. మూడు నెలలకు ఇరవై రెండు పదమూడయింది. ఏడాది తిరిగేసరికి ఆరు. కడుపు నొప్పి పోయింది. ఆలస్యమైన మాటలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. తలకెక్కింది ఎంత, దిగింది ఎంత అనేది బడికి వెళ్ళేదాకా చెప్పలేమన్నాడు డాక్టరు. గోపిక ఆ ముక్కను ఎవరికీ చెప్పదు, మాలకొండమ్మకు తప్ప.

చెన్నకేశవులు మాస్టారు క్షమాపణ అడగలేదు. అడుగుతాడని ఎవరూ ఎదురుచూడలేదు. ఈ ఏడాది వేసవిలో రిటైరైన ఉద్యోగుల సమావేశంలో ఆయన మైకు పట్టుకుని "గృహాలలో సీసం, ఒక శాస్త్రీయ దృక్పథం" అనే విషయం మీద గంట సేపు మాట్లాడాడు. తన ఇంట్లో ఈ ప్రమాదాన్ని తాను సకాలంలో గుర్తించి, శాస్త్రీయ పద్ధతుల్లో నివారించిన తీరు వర్ణించాడు. తడిపి గీకాలి, చీపురు వాడరాదు, చెక్కలు కాల్చరాదు అన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

ఆ శాలువా ఫోటో చూసి గోపిక మండిపడింది. మాలకొండమ్మకు ఫోను చేసి, "నీ పేరు ఒక్కసారన్నా చెప్పలేదక్కా. ఒక్కసారన్నా!" అంది.

"చెప్పకపోతే పీడా పోయె. ఆ నోట్లో నా పేరెందుకు?" అంది మాలకొండమ్మ. "తప్పులేమన్నా చెప్పినాడా?"

"లేదు. నువ్వు చెప్పినవే చెప్పినాడు."

"ఇంకేంది మరి. నేను పదేండ్లు మొత్తుకున్నా వినని ముసలోళ్ళు శాలువా కప్పి మరీ విన్నారు. ఆ మనిషి ఒక పనికన్నా వచ్చినాడు, పోనీలే."

ఆ తర్వాతి వారం మరో వీధిలో పాత ఇల్లు బాగు చేసుకుంటున్న ఒకాయన ఆమెను పిలిచాడు. ఆమె ట్రాక్టరు ఆపీ ఆపకముందే, చెయ్యెత్తి, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు. "చూడమ్మా, నీకు తెలిసుండదు గానీ, ఈ పాత రంగుల్లో సీసం అని ఒకటుంటుంది. చాలా ప్రమాదం. నీళ్ళు చల్లి గీకాలి. మాస్టారు మొన్న మీటింగులో చెప్పినాడు."

మాలకొండమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన వెనక గుమ్మంలో ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"అట్లనా సార్" అంది మాలకొండమ్మ. "అయితే ముందు బిడ్డను మీ అత్తగారింటికి పంపించి, రెండు బిందెల నీళ్ళు పట్టుకరండి" అని ట్రాక్టరు దిగింది.